నలభై మూడు ప్లగిన్లు

"అన్నీ తీసెయ్," అంది రేణుక.

జయకృష్ణ తన చెవుల్ని తానే నమ్మలేదు. గిటార్ ఇంకా భుజానే ఉంది. వచ్చి పది నిమిషాలు కాలేదు. మంచినీళ్లయినా ఇవ్వకుండా ఈ మాటేమిటి?

"ఏం తీసెయ్యాలండీ?"

"గవే, నీ ప్లగిన్లు. నువ్వు ఇంట్ల వాయించి పంపిన గీ ఒక్క గిటార్ మీద ఎన్ని పెట్టినవ్?"

"దీని మీద తొమ్మిదే. మొత్తం నా దగ్గర నలభై మూడున్నాయి." ఎకరాల లెక్క చెప్పే మోతుబరిలా చెప్పాడు.

"నలభై మూడా! మా బాపు బ్యాండు మేళంలనే పదహారు మంది ఉండేటోళ్లు. ఊరంతా వినపడేది."

మూల కుర్చీలో కూర్చున్న బాపు, అంటే బాలనర్సింహ, మీసాల చాటున నవ్వుకున్నాడు. జయకృష్ణ ముఖం ఎర్రబడింది.

ఎలక్ట్రిక్ గిటార్‌ని నేరుగా కంప్యూటర్‌కి తగిలిస్తే టింగుమనే బక్క శబ్దం తప్ప ఏమీ రాదు. దానికి ఒళ్లూ పొగరూ తెచ్చేది ఆంప్. అసలు ఆంప్ కొనాలంటే జీతం చాలదు, మోగిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు. అందుకే ఈ ప్లగిన్లు. కంప్యూటర్ తెర మీద కనిపించే ఆంపులు, కాలితో నొక్కి శబ్దం మార్చే పెడళ్లు అన్నమాట. మీట తిప్పితే శబ్దం మారుతుంది.

జయకృష్ణకు ఆ మీటల పిచ్చి. వారమంతా ఆదిభట్ల ఐటీ క్యాంపస్‌లో టెస్టర్‌గా ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేవాడు. శనివారం వస్తే హయత్‌నగర్ ఇంట్లో తలుపేసుకుని ప్లగిన్లు మార్చుకుంటూ కూర్చునేవాడు. ఎంచుకోడానికి రెండు గంటలు, వాయించడానికి పది నిమిషాలు. ఆ నలభై మూడింటిలో కొన్నవి ఐదే. మరికొన్ని ఉచితం. మిగతావన్నీ కొనేముందు రుచి చూడమని కంపెనీలిచ్చే డెమోలు.

ఇబ్రహీంపట్నంలో రేణుక గది సంగతి వేరు. ఒకప్పుడు అక్కడ బాలనర్సింహ పెళ్లి బ్యాండు డ్రమ్ములు, బంగారు రంగు అంచుల కోట్లు ఉండేవి. డీజేలొచ్చి బ్యాండు మూతపడ్డాక గది ఖాళీ అయింది. రేణుక గోడలకు బొంతలు వేలాడదీసి, దాన్ని రికార్డింగ్ గది చేసింది. పుట్టినరోజు పాటలు, ఎన్నికల ప్రచారం మాటలు, ఏదొస్తే అది. రెండేళ్లయింది. ఊదు కాలదు, పీరు లేవదు అన్నట్టు, పేరొచ్చే పని ఒక్కటీ రాలేదు.

"దసరా దాకా చూస్త," అని తల్లి నిర్మల గడువు పెట్టింది. "ఆ తర్వాత గది కొంగరకలాన్ ఫ్యాక్టరీ పిల్లలకు కిరాయికిస్త. నువ్వు గూడ అదే ఫ్యాక్టరీకి పో."

ఈలోగా హైదరాబాద్ ఆడియో కంపెనీ ఒకటి నమూనాగా ఒక పాట పంపమంది. నచ్చితే ఏడాదికి పన్నెండు పాటలు. నాట్లేసేటప్పుడు పాడే పాటను డప్పు తోడుగా నాగులమ్మ చేత పాడించింది రేణుక. నాగులమ్మకు అరవై దాటాయి, గొంతు మాత్రం ఇంకా పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపిస్తుంది. కంపెనీవాళ్లు కొంచెం మోడరన్‌గా ఉండాలన్నారు. అందుకే గిటార్. జయకృష్ణ ఆఫీసులో పనిచేసే ఇబ్రహీంపట్నం భూపాల్, రేణుకకు ఇతని పేరు చెప్పి, ఇతన్ని ఇక్కడికి పంపాడు.

"సరే, మీ దగ్గర ఎన్నున్నాయి?" అన్నాడు జయకృష్ణ ఉక్రోషంగా.

"గిటార్‌కు రెండు."

"రెంటితో ఏం చేస్తారండీ?"

"పాట జేస్త," అంది రేణుక. లేచి, దండెం మీది తువ్వాలు తీసి కంప్యూటర్ స్క్రీన్ మీద కప్పేసింది.

జయకృష్ణ నోరు తెరిచాడు.

"మా దగ్గర గిట్లనే. సౌండ్ ఎంచుకునేటప్పుడు బొమ్మ చూడొద్దు, పేరు చూడొద్దు. కండ్లతోని వింటే అన్నీ మంచిగనే అనిపిస్తయ్. నీ గిటార్ నేనే మూడు తీర్ల వినిపిస్త, నా రెంటితోని రెండు, నీదానితోని ఒకటి. మూడూ ఒక్క మట్టంల పెట్టిన. లేకుంటే ఏది గట్టిగ మోగితే గదే మంచిదనుకుంటం."

కళ్లు మూసుకుని విన్నాడు. ఒకటి, రెండు, మూడు. మళ్లీ విన్నాడు. రెండోదానిలో తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తోంది. నాగులమ్మ గొంతు పక్కన ఒద్దికగా నిలబడింది.

"రెండోది," అన్నాడు. "ఇది నాదే. బ్రిటిష్ ఆంప్."

తువ్వాలు తీసింది. తెర మీద మాసిపోయిన బూడిదరంగు డబ్బా, రెండే మీటలు. అది రేణుకది. పైసా పెట్టకుండా దొరికేది. బ్రిటిష్ ఆంప్ మూడోది.

"దాని బొమ్మ మాత్రం మస్తుంటది," అంది రేణుక ఓదార్పుగా.

పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో జయకృష్ణకు ఆ పూట బోధపడింది. బోధపడ్డంత మాత్రాన పిచ్చి వదులుతుందా? వదల్లేదు. పైగా ఇంకో పిచ్చి తోడైంది.

వరసగా మూడు ఆదివారాలు వచ్చాడు. రెండో ఆదివారం గిటార్ పని పొద్దున్నే అయిపోయినా సాయంత్రం దాకా ఉన్నాడు. బయట వాన. లోపల రేణుక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాగులమ్మ పాటలో ఊపిరి చప్పుళ్లు సరిచేస్తోంది. పని చేసేటప్పుడు కింది పెదవి పళ్లతో నొక్కుకోవడం ఆమెకు అలవాటు. దాన్ని చూడ్డం అతనికి అలవాటైపోయింది.

"ఏంది గట్ల చూస్తున్నవ్?"

"వాన తగ్గలేదు కదా అని."

"కిటికీ నీ వెనకుంది."

బాలనర్సింహ కుర్చీలోంచి లేచి, చాయ్ తెస్తానని కిందికి పోయాడు. బ్యాండు నడిపినవాడికి ఎప్పుడు ఆగాలో తెలుసు.

మూడో ఆదివారం నాటికి జయకృష్ణకు విషయం ఖాయమైపోయింది. రేణుక అంటే ఇష్టం. చాలా ఇష్టం. చెప్పే ధైర్యమే లేదు. పాట కంపెనీవాళ్లకు నచ్చితే, ఆ సంతోషంలో చెబుదామనుకున్నాడు. ఆ రోజు గొంతునూ వాద్యాల్నీ కలిపే చివరి మిక్స్ అయ్యాక, ఎందుకైనా మంచిదని రేణుక పాట మొత్తం అతని లాప్‌టాప్‌లోకి కూడా ఎక్కించింది.

మంచిదే అయింది. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి పాట పంపాలి. తెల్లవారుజాము వానకు ఇబ్రహీంపట్నంలో కరెంటు పోయింది. తొమ్మిదింటికి రేణుక ఫోన్ చేసింది.

"ఇంట్లనే ఉన్నవా? జర పాట ఎక్స్‌పోర్ట్ చేసి కంపెనీకి పంపు. ఏం ముట్టకు. ఉన్నదున్నట్టు పంపు."

"ఫికర్ చెయ్యకు," అన్నాడు. మూడు ఆదివారాల్లో మీరు కాస్తా నువ్వయింది, భాష కూడా కాస్త అంటుకుంది.

పాట తెరిచాడు. నాగులమ్మ గొంతు వెనక తన గిటార్ మరీ అణిగి ఉన్నట్టనిపించింది. బ్రిటిష్ ఆంప్ తగిలిస్తే? రేణుక విని, అబ్బ, ఇదేంది ఇంత బాగుంది అనుకుంటే? చెయ్యి ఊరుకోలేదు. బూడిదరంగు డబ్బా తీసేసి బ్రిటిష్ ఆంప్ పెట్టాడు. శబ్దం కొంచెం పెంచాడు. మొదటి అర నిమిషం విన్నాడు. అదిరింది. ఎక్స్‌పోర్ట్ చేసి పంపేశాడు.

ఆ బ్రిటిష్ ఆంప్ కొన్నది కాదు, డెమో. ఊరికే వాడుకుపోకుండా డెమోలకు కంపెనీలు కాపలా పెడతాయి. ఈ డెమోలో ఆ కాపలా నిమిషానికోసారి బుస్సుమని రెండు సెకన్లు వచ్చే రొద. ఉద్యోగంలో ప్రతి బటన్ వందసార్లు నొక్కి చూసే టెస్టర్, నాలుగు నిమిషాల పాటను అర నిమిషం విని పంపాడు.

మర్నాడు పొద్దున రేణుక ఫోన్. అరవలేదు. అరిచినా బాగుండేది.

"కంపెనీ రామచంద్రయ్య సార్ ఫోన్ చేసిండు. నాగులమ్మ పాడుతుంటే నడుమ నడుమ బుస్సుమంటుందట. దొంగ సాఫ్ట్‌వేర్‌తోని పని చేసేటోళ్లతోని మాకు పని లేదన్నడు. ఏం పంపినవ్ నువ్వు?"

"ఆంప్ మార్చాను," అన్నాడు జయకృష్ణ. "డెమో అని... మర్చిపోయాను."

"ముట్టొద్దన్న గద."

"అన్నావ్."

"ఇంక దసరా దాకా ఎందుకని అమ్మ గప్పుడే ఫ్యాక్టరీ పిల్లలకు ఫోన్ చేసింది. ఆదివారం గది చూడ్డానికొస్తున్నరు." ఫోన్ పెట్టేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంటూ కూర్చోలేదతను, అది మాత్రం చెప్పుకోవాలి. ఆఫీసుకి సెలవు చెప్పి, బండి తీసి వానలోనే బయల్దేరాడు. దారిలో ఒక షెడ్డు కింద ఆగి కంపెనీకి ఫోన్ చేశాడు.

"రామచంద్రయ్య గారూ, ఆ తప్పు స్టూడియోది కాదండీ. గిటార్ వాయించినవాణ్ణి, నాది. వాళ్లు చేసిన మిక్స్‌ని వాళ్లకి చెప్పకుండా నేను మార్చాను."

"ఎందుకు మార్చావయ్యా?"

"నా గిటార్ గట్టిగా వినపడాలని."

"ఈ మాట ఒప్పుకున్న గిటారిస్టుని ముప్ఫై ఏళ్లలో చూళ్లేదు. సాయంత్రం ఆరింటికల్లా సరైన పాట రావాలి. తర్వాత నాకు ఫోన్ చెయ్యొద్దు."

గది గుమ్మంలో తడిసి ముద్దయి నిలబడ్డ జయకృష్ణని చూసి రేణుక మళ్లీ తెర వైపు తిరిగింది. కరెంటు వచ్చింది. ఆమె అప్పటికే పాట తెరిచి కూర్చుంది. రామచంద్రయ్య ఇచ్చిన గడువు జయకృష్ణ చెప్పాడు. తను ఏమని ఒప్పుకున్నాడో చెప్పలేదు.

"కూసో," అంది. "బాపు, నువ్వు గూడ విను."

మొదట ఆదివారం నాటి మిక్స్ వినిపించింది, బూడిదరంగు డబ్బాతో. బాగుంది. తర్వాత గిటార్ ఇంకొంచెం తగ్గించి వినిపించింది. అదీ బాగుంది. జయకృష్ణ కళ్లు మూసుకునే విన్నాడు. మూడు వారాలుగా ఈ పాటలో తన గిటార్ ఒక్కదాన్నే వెతుక్కుంటూ విన్నాడు. ఈసారి ఎందుకో నాగులమ్మను విన్నాడు. వంగి నాటు వేస్తున్న మనిషి పాట అది. నడుము నొప్పి, బురద, పక్క మనిషితో పరాచికం, అన్నీ ఆ గొంతులోనే ఉన్నాయి. ఆమె ఊపిరి తీసుకునే చోటల్లా గిటార్ వచ్చి అడ్డం నిలబడుతోంది. ఏ ప్లగిన్ పెట్టినా అక్కడే నిలబడుతుంది.

"గిటార్ తీసెయ్," అన్నాడు.

రేణుక తిరిగి చూసింది. "ఏంది?"

"మొత్తం తీసెయ్. పాటకు అది అవసరం లేదు."

"వాళ్లు మోడరన్‌గా ఉండాలన్నరు."

"అంటే అన్నారు. ఒక్కసారి తీసి విను."

గిటార్ ట్రాక్ ఆపి పాట వినిపించింది. నాగులమ్మ గొంతు, వెనక డప్పు, అంతే. పాట అయింది. బాలనర్సింహ ముక్కు తుడుచుకున్నాడు.

"గిది పంపు బిడ్డా," అన్నాడు.

ఐదున్నరకు పంపారు. జయకృష్ణ లేచాడు. చెప్పాలనుకున్న మాట చెప్పలేదు. ఇంత చేసి ఇప్పుడెలా చెబుతాడు? వానలోనే ఇంటికి పోయాడు. ఆ రాత్రి రామచంద్రయ్య దగ్గర నుంచి వార్త వచ్చిందో లేదో అతనికి తెలియదు. రేణుక ఫోన్ చెయ్యలేదు. అతనికి చేసే ముఖం లేదు. బుధవారం పోయింది, గురువారం పోయింది, శుక్ర శనివారాలు కూడా పోయాయి. ఒక్క ప్లగిన్ కూడా తెరవబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున హయత్‌నగర్‌లో నాన్న గోపాలరావు హార్డ్‌వేర్ షాపులో మేకులు తూస్తున్నాడు జయకృష్ణ. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్లుగా నడుపుతున్న షాపు, ఆదివారం రద్దీ ఎక్కువ. ఆటో దిగి ఎవరో లోపలికొచ్చారు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు గోపాలరావు.

"ఒక తాళంకప్ప. పెద్దది."

గొంతు విని జయకృష్ణ చేతిలో మేకులు తక్కెడలో కాకుండా నేల మీద పడ్డాయి.

"దేనికమ్మా? ఇంటికా, గోడౌన్‌కా?"

"స్టూడియోకు. కిరాయి పోరగాండ్లు వస్తనే ఉన్నరు. గది కిరాయికి లేదని చెప్పినా వింటలేరు." రేణుక ఇప్పుడు జయకృష్ణ వైపు తిరిగింది. "పన్నెండు పాటలిచ్చిండ్రు."

"ఎప్పుడు?"

"బుధవారం."

"మరి ఫోన్ చెయ్యలేదేం?"

"కోపమొచ్చి చెయ్యలే. నిన్న అగ్రిమెంటుకు పోతే రామచంద్రయ్య సార్ అడిగిండు, నా గిటార్ గట్టిగ వినపడాలని మార్చినన్న పిల్లగాడు ఏడని. నాకు చెప్పలే నువ్వు. మా మీద మాట రాకుండ తప్పు నీ మీదేసుకొని ఫోన్ చేసినవ్, నాకెందుకు చెప్పలే?"

"చెబితే గొప్ప కోసం చెప్పినట్టుంటుందని."

"నీ గిటార్ నువ్వే తీసెయ్యమన్నవ్. గట్ల ఎవడన్న అంటడా?" కింద పడ్డ మేకొకటి తీసి తక్కెడలో వేసింది. "నాకు తిప్పి తిప్పి చెప్పుడు రాదు. నువ్వంటే నాకు ఇష్టం. బాపుకు చెప్పిన. సరే అన్నడు. అమ్మకు చెప్పలే. ఆమెకు నీ మీద ఇంక కోపం పోలే. నువ్వే వచ్చి చెప్పాలె."

జయకృష్ణ నోటితో పని లేదన్నట్టు తల ఊపాడు, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు.

"నోరు తెరిచి చెప్పు," అంది రేణుక.

"ఇష్టం," అన్నాడు. "మొదటి రోజు నుంచి. అన్నీ తీసెయ్ అన్నావు చూడు, అప్పట్నుంచి."

తాళాలు తీసుకురావడానికి స్టూలెక్కిన గోపాలరావు స్టూలు మీదే నిలబడి అంతా విన్నాడు. మెల్లగా దిగాడు. ఒక పెద్ద తాళంకప్ప తెచ్చి రేణుక చేతిలో పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. గల్లాపెట్టెకు తాళం వేసి, బయటికెళ్లి షట్టర్ సగం దించాడు.

"నాన్నా, ఇంకా పదిన్నరే. ఆదివారం బేరాలు..."

"మీ అమ్మకి ఫోన్ చెయ్," అన్నాడు గోపాలరావు. "చీర మార్చుకుని రెడీగా ఉండమను. ఇబ్రహీంపట్నం వెళ్లాలి."