లేని కాలవని దాటిన జట్టు

"డాక్టరమ్మా, వాడి బుర్రకి నలభై వైర్లు పెట్టీసేవు, బాగానే ఉన్నాది. పొద్దుట్నుంచి వాడు గుక్కెడు టీ తాగలేదు. ఆ సంగతి నీ మెషీన్‌కి తెలుస్తాదా?"

అడిగింది సన్యాసమ్మ. అరవై మూడేళ్ళ మనిషి. కొత్తరేవు పట్నంలో బోటు రిపేరు కాలనీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. చేపల రేవులో ముప్పై ఏళ్ళు గంపలు మోసింది. ఈల అక్కర్లేని గొంతు ఆమెది.

వైర్ల కింద పడుకున్నవాడు ఎర్రయ్య. పగలు బోటు ఇంజన్లు బాగుచేస్తాడు, సాయంత్రం ఆమె జట్టుకి ఫార్వర్డ్ ఆడతాడు. ఇరవై రోజులుగా కాలనీ గ్రౌండ్‌లో తలకి సెన్సర్ టోపీ పెట్టుకునే ఆడాడు. ఇవాళ ఆ లెక్కలన్నీ మెషీన్ చివరిసారి సరిచూసుకుంటోంది.

"అయిపోవచ్చిందమ్మా," అంది డాక్టర్ కాదంబరి, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే.

"ఇంతకీ వాడిలోంచి ఏం తీసీసుకుంటన్నావు?"

"తియ్యడం లేదు. చూసి రాసుకుంటున్నాను. మీకు సైకిల్ వచ్చా?"

"ఎందుకు రాదు? రెండు గంపలు కట్టుకుని తొక్కేదాన్ని."

"తొక్కేటప్పుడు హ్యాండిల్ ఎంత తిప్పాలో ఆలోచిస్తారా?"

"ఆలోచిస్తే పడిపోతాం."

"అదీ సంగతి. ఆ ఆలోచించని తెలివి తల వెనక చిన్నమెదడులో ఉంటుంది. ఎర్రయ్యకి పదిహేనేళ్ళ ఆటలో పట్టుబడిన అడుగు, మలుపు, గెంతు, తన్ను అన్నీ అక్కడే ఉన్నాయి. ఈ మెషీన్ వాటిని కాపీ చేసి ఇంకొకరి చిన్నమెదడులో రాస్తుంది. మూడు గంటల పని."

"బంతి ఎవడికివ్వాలో కూడా రాసుకుంటాదా?"

"అది ఆలోచన కదమ్మా. అది వేరే చోట ఉంటుంది, మెషీన్‌కి అందదు."

"మరయితే సగమే రాసుకున్నావు," అంది సన్యాసమ్మ. ఎర్రయ్యని లేపి టీ తాగించడానికి తీసుకుపోయింది.

మెషీన్‌కి డబ్బు పెట్టినవాడు ప్రభంజన్ బాబు, సాగర్ సుల్తాన్స్ క్లబ్ యజమాని. ఆయనకి ఓడలున్నాయి, సిమెంటు ఉంది, టీవీ చానెల్ ఉంది. ఫుట్‌బాల్ ఒక్కటే తెలియదు. తెలియనిదాన్ని నేర్చుకోవడం మనబోటి వాళ్ళ అలవాటు. కొనెయ్యడం వాళ్ళ అలవాటు. యాభై వేల మంది పట్టే స్టేడియం కట్టాడు. నాలుగు ఖండాల నుంచి ఆటగాళ్ళని తెచ్చాడు. తొమ్మిది వందల కోట్లు పోశాడు. గోల్ పోస్టులకి బంగారు రంగు వేయించాడు. బంతి అందులోకి వెళ్ళడం ఒక్కటే తక్కువైంది. రెండేళ్ళుగా లీగ్‌లో జట్టుది ఆఖరి స్థానం.

ఇదివరకు ఆ స్టేడియం ఉన్నచోట మైదానం ఉండేది. రేవు కూలీలు షిఫ్టు దిగి, చంకలో టిఫిన్ డబ్బాతో నిలబడి ఆట చూసేవాళ్ళు. ఇప్పుడు టిక్కెట్టు వాళ్ళ వారం కూలి. వాళ్ళ ఊరి జట్టు, వాళ్ళు నిలబడ్డ నేల, లోపలికి రావడానికి మాత్రం వాళ్ళు పనికిరారు! మండదూ మనిషికి?

అదీ చాలక, పెద్దల కార్లు ఆపుకోవడానికి పక్కనున్న కాలనీ గ్రౌండ్‌ని కూడా ప్రభంజన్ బాబు లీజుకి తీసుకున్నాడు. అదేమంత గొప్ప గ్రౌండ్ కాదు. సముద్రం వైపు వాలుగా ఉంటుంది. రెండు గోల్ పోస్టుల ముందూ నలభై అడుగుల దూరంలో అడ్డంగా ఒక్కో మురుగుకాలవ, మూడడుగుల వెడల్పు. వాటికి మూతలు వెయ్యమని కాలనీ వాళ్ళు ఇరవై రెండేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఐసు ఫ్యాక్టరీ లారీ కూడా గ్రౌండ్ మధ్యలోంచే పోవాలి, వేరే దారి లేదు. హారన్ వినపడితే బంతిని కాలికింద నొక్కి, అందరూ గోడ పక్కకి వెళ్ళి నిలబడాలి. లారీ పోయాక మళ్ళీ ఆట.

ఆమధ్య, దాన్ని మూసేముందు కెమెరాల కోసం అక్కడ వీడ్కోలు మ్యాచ్ పెట్టించాడు ప్రభంజన్ బాబు. సుల్తాన్స్ మీద కాలనీ జట్టు ఆరు సున్నాతో గెలిచింది. అయిదు గోల్స్ ఎర్రయ్యవే.

"ఆ కుర్రాణ్ణి కొనేద్దాం సార్," అన్నాడు మేనేజర్.

"వాణ్ణి కొంటే ఒక్కడే వస్తాడు. పైగా వాడి ముఖం షర్టు మీద వేస్తే ఎవడు కొంటాడయ్యా? ముఖాలు ఇవే ఉండాలి. కాళ్ళు మారాలి," అన్నాడు యజమాని.

అలా పుట్టింది మెషీన్ ఆలోచన. డబ్బు వద్దంది సన్యాసమ్మ. గ్రౌండ్ కావాలంది. కాగితం రాసుకున్నారు: కాపీ అయ్యాక మొదటి మ్యాచ్‌లో ఎర్రయ్య కాళ్ళు సుల్తాన్స్‌ని గెలిపిస్తే గ్రౌండ్ కాలనీదే. గెలిపించకపోతే కార్లదే.

మెషీన్ లెక్కలు సరిచూసుకున్న మరునాడు, కాపీ చేయించుకోవడానికి సుల్తాన్స్ ఆటగాళ్ళు వచ్చారు. డాక్టర్ లెక్కపెట్టి చూసి, "నేను ఫార్వర్డ్స్ ఇద్దరినే రమ్మన్నాను. పదకొండు మంది వచ్చారేమిటి?" అంది.

"ఒక్క ఎర్రయ్య అయిదు గోల్స్ కొట్టాడు. పదకొండు మంది ఎర్రయ్యలైతే యాభై అయిదు. ఆ మాత్రం లెక్క రాదా మేడమ్?"

"గోల్‌కీపర్ కూడానా?"

"అతనికిచ్చే జీతం తెలుసా మీకు? ఉత్తినే నిలబడతాడా?"

"ఇంకొక మాట వినండి. మెషీన్ ఏరుకోదు. మంచీ చెడ్డా, అలవాటూ, అన్నీ కలిపే రాస్తుంది. ఒకసారి రాస్తే చెరపడం నాకు రాదు. సైకిల్ తొక్కడం మర్చిపోగలరా మీరు?"

"నాకు సైకిల్ రాదు," అన్నాడు ప్రభంజన్ బాబు గర్వంగా. అందరిదీ అయ్యాక తలుపు దగ్గరికి వేయించి తనే బల్ల ఎక్కాడు. "కప్పు గెలిచాక కెమెరాల ముందు నేనూ రెండు తన్నాలి కదా. నాకూ వెయ్యండి."

లీగ్ మ్యాచ్ ఆదివారమే, ప్రాక్టీసుకి వ్యవధి లేదు. స్టేడియం నిండిపోయింది. సన్యాసమ్మకీ ఎర్రయ్యకీ ప్రభంజన్ బాబే పాసులిచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాడు.

ఈల ఊదగానే సుల్తాన్స్ ఆటగాళ్ళు పదకొండు మందీ ముందుకి పరిగెత్తారు. గోల్‌కీపర్ అందరికంటే ముందున్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ నడక, ఆ ఒడుపు, అచ్చం ఎర్రయ్యే! ప్రత్యర్థులు బిత్తరపోయారు.

గోల్‌కి నలభై అడుగుల దూరం వచ్చేసరికి లుకారో అనే స్టార్ ఆటగాడు, రెండు వందల కోట్లవాడు, ఉన్నట్టుండి గాల్లోకి లేచాడు. పచ్చటి చదును గడ్డి మీద, లేని కాలవని శుభ్రంగా దాటాడు. బంతి వెనకే ఉండిపోయింది. వెనకొస్తున్నవాడు కూడా గెంతాడు. వాడి వెనకవాడూ గెంతాడు. వరసగా పదకొండు మందీ గెంతి అవతల నిలబడి, బంతేదని చూసుకున్నారు.

"ఓలమ్మా," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది సన్యాసమ్మ. "కాలవ!"

ఎర్రయ్య తల దించుకున్నాడు. తప్పు తనదే అన్నట్టు చెవులు ఎర్రబడ్డాయి.

ప్రత్యర్థులు తాపీగా బంతి తీసుకెళ్ళి ఖాళీ గోల్‌లో వేశారు. తర్వాత లుకారో గెంతకముందే దూరం నుంచి తన్నాడు. ఎర్రయ్య ఎప్పుడూ ఎగువకి గురిపెట్టి తన్నుతాడు. వాలుకి బంతి దిగొచ్చి గోల్‌లో పడుతుంది. ఇక్కడ వాలు లేదు. బంతి పోయి మంత్రిగారి ఒళ్ళో పడింది. తిన్నగా తన్నడం పదకొండు మందిలో ఒక్కడికీ చేతకాలేదు. బంతి పక్కవాడికివ్వడం అసలే లేదు. అందరూ ఎర్రయ్యలే కదా, ఇవ్వడానికి ఎవరున్నారు?

ఆట సగంలో యజమాని వీఐపీ బాక్సులో కూల్‌డ్రింకుల కోసం ఐసు లారీ వచ్చింది. స్టేడియం దారిలో గట్టిగా హారన్ కొట్టింది. పదకొండు మందీ ఆగిపోయారు. బంతి దగ్గరున్నవాడు దాన్ని కాలికింద నొక్కి, వదిలేసి, అందరితో పాటు గోడ పక్కకి వెళ్ళి బుద్ధిగా నిలబడ్డాడు. ప్రత్యర్థులు వాళ్ళని చూశారు. బంతిని చూశారు. రిఫరీని చూశారు. తర్వాత గోల్ కొట్టుకున్నారు.

మిగతా సగంలో అవతలి జట్టు అభిమానులు బయటికి పోయి ఎక్కడెక్కడి లారీ హారన్లో ఊడబీక్కొచ్చారు. ఆట ఎనిమిది సున్నాతో ముగిసింది.

"ఏటి డాక్టరమ్మా ఇది?" అంది సన్యాసమ్మ గేటు దగ్గర.

"తప్పు నాదేనమ్మా. ఆట కాళ్ళలో ఉందనుకున్నాను. సగం నేలలో ఉంది," అంది కాదంబరి. "మెషీన్ నేలని కూడా కాపీ చేసింది."

"నీ తప్పుకేటి గానీ, నా గ్రౌండ్ పోయింది."

పోయినట్టే. బుధవారం బుల్డోజర్ వస్తుందని కాలనీకి నోటీసు వచ్చింది.

ఈలోపల ప్రభంజన్ బాబు ఇంట్లో వేరే గొడవ మొదలైంది. ఆయన కాళ్ళకి ప్రతి వాకిలీ గోల్ పోస్టులాగే తోస్తోంది. వాకిలికి నలభై అడుగుల దూరానికి రాగానే గెంతుతున్నాడు. మనబోటి వాళ్ళ ఇళ్ళల్లో అయితే ఆ బాధే ఉండదు, వాకిలికి నలభై అడుగుల దూరం ఎక్కడుంది? ఆయన హాలు తొంభై అడుగులు. పాలరాయి మీద జారి రెండుసార్లు పడ్డాడు. బోర్డు మీటింగ్‌కి వస్తూ పేపర్లు పట్టుకుని గెంతేసరికి షేర్ల ధర పడిపోయింది. చదునైన నేల మీద నడిస్తే ఒళ్ళు ఓ పక్కకి ఒరుగుతోంది. రోడ్డు మీద లారీ హారన్ కొడితే కారు దిగి గోడ పక్కన నిలబడుతున్నాడు. మళ్ళీ ఎక్కించలేక డ్రైవరు ఏడుస్తున్నాడు.

బుధవారం పొద్దున్న కాలనీ మొత్తం గ్రౌండ్ అంచున నిలబడింది. బుల్డోజర్ వచ్చింది. వెనకే కారులో ప్రభంజన్ బాబు, ఓ చేత్తో కర్ర పట్టుకుని.

"ఏమ్మా, కాగితం చదువుకున్నావు కదా," అన్నాడు దిగుతూనే.

"చదివేను బాబూ. నా గుంటడి కాళ్ళు పనికిరాలేదన్నావు. పదకొండు మందికీ ఒకే ఆట నేర్పిన కోచ్ లోకంలో ఎవడన్నా ఉన్నాడా? గోల్ దగ్గర ఎవర్ని పెట్టేవు?"

"వాదనలొద్దు. తప్పుకో. ఇది నా స్థలం, నేను నడిచి చూపిస్తాను."

కర్ర ఊపుకుంటూ గ్రౌండ్‌లోకి అడుగుపెట్టాడు. నాలుగడుగులు వేశాడు. ఆగాడు. ఒళ్ళు ఒరగలేదు. ఇంకో నాలుగడుగులు వేశాడు. నాలుగు రోజులుగా ఊరంతా ఓడలా ఊగుతోంది, ఇక్కడ నేల నిలిచింది. కర్ర ఎప్పుడు పారేశాడో ఆయనకే తెలియదు.

కట్టు తెంచుకున్న దూడలా పరిగెత్తాడు, సూటు వేసుకున్న యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఎర్రయ్య కాళ్ళ దగ్గర బంతి ఉంది. ఏమనుకున్నాడో, మెల్లగా ఆయన ముందుకి తోశాడు. నలభై అడుగుల దగ్గర ప్రభంజన్ బాబు గెంతాడు. ఈసారి కింద నిజంగానే కాలవ ఉంది. బూటుకి చుక్క అంటకుండా దాటాడు. బంతిని ఎగువకి తన్నాడు. అది వాలుకి వయ్యారంగా దిగొచ్చి, చిరిగిన చేపల వలతో కట్టిన గోల్‌లో పడింది.

 ఆయన అక్కడే నేల మీద కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తొమ్మిది వందల కోట్లలో ఆయనకి దక్కిన మొదటి గోల్ అది.

"సన్యాసమ్మగారూ," అన్నాడు లేచి, "ఆ బుల్డోజర్‌ని వెనక్కి పంపించండి."

"నీ బుల్డోజర్ బాబూ. నువ్వే చెప్పాల."

ఆయన చెప్పాడు. మర్నాడు లీజు కాగితం కాలనీ పేరున మార్చి ఇచ్చాడు. సుల్తాన్స్ స్టేడియానికి వచ్చే పెద్దలు ఇప్పటికీ కార్లు రెండు మైళ్ళ అవతల ఆపి, ఎండలో నడిచి వస్తారు. లుకారో మొదలైనవాళ్ళు తిన్నగా తన్నడం మొదట్నుంచీ నేర్చుకుంటున్నారు. ఎర్రయ్యే నేర్పుతున్నాడు, జీతానికి.

నెల తిరక్కుండా కాలనీ అర్జీకి ఇరవై రెండేళ్ళ తర్వాత మోక్షం వచ్చింది. కాలవలకి మూతలు వెయ్యడానికి పనివాళ్ళు వచ్చారు. ప్రభంజన్ బాబు అడ్డంపడ్డాడు.

"మూతలు వెయ్యకండి! నేను పడిపోతాను!"

"ఇంతకాలం దోమలతో చచ్చేం బాబూ," అంది సన్యాసమ్మ. "మూత వద్దంటే సరే, పూడిక నువ్వు తియ్యించు."

తియ్యిస్తున్నాడు. అడుగున సిమెంటు కూడా చేయించాడు. ఇప్పుడు అందులో నీళ్ళు తేటగా ఉంటాయి.

రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి ఆయన కారు గోడ పక్కన ఆగుతుంది. బూట్లు కట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. మూడు నెలలైంది.

"పెద్దమ్మా, ఇవాళైనా నన్ను దింపుతావా?"

"నీ కాళ్ళకేటి, బంగారంలా ఉన్నాయి," అంటుంది సన్యాసమ్మ ఆట మీంచి చూపు తిప్పకుండా. "బంతి దొరికితే పక్కోడికి ఇవ్వడం లేదు నువ్వు. అది మెషీన్లో రాదని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. కూర్చో. చూసి నేర్చుకో."

ఆయన కూర్చుంటాడు. లారీ హారన్ వినపడితే మాత్రం అందరికంటే ముందు లేచి గోడ పక్కకి వెళతాడు.