కల్వర్టు మలుపులో రెండుసార్లు

చీకటి పడ్డాక ఆ కల్వర్టు మలుపు వైపు ఎవరూ వెళ్ళరు. అక్కడ ఒక లైటు కనిపిస్తుందంటారు. ఉత్త లైటే. వెలుగుతుంది, సన్నగిల్లుతుంది, మళ్ళీ భగ్గుమంటుంది... ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు. సెకండ్ షో చూసి వస్తున్నవాడెవడో చెప్పులు వదిలేసి పరిగెత్తాడట. ఆ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయని చెప్పుకుని నవ్వుతారు గానీ, వెళ్ళి చూసినవాళ్ళు లేరు.

అందరికీ భయమే — చేల అవతలి ఇంటి కోడలికి తప్ప.

ఆమెకు ఆ లైటు తెలుసు.

అది ఆమె మొగుడి బండిది. తాతలనాటి మోటారు సైకిలు. ఎన్ని బ్యాటరీలు మార్చినా చచ్చిపోతుంటే, విసుగొచ్చి బ్యాటరీనే పీకేసి, ఆ చోట బొటనవేలంత కెపాసిటర్ బిగించాడు. కిక్కు కొడితే ఇంజను లేచేది. ఇంజను తిరిగినంతసేపే లైటు. యాక్సిలరేటర్ తిప్పితే పట్టపగలు, వదిలితే మిణుగురు.

"ఇదేం బండి, నా కోపంలా పూటకో తీరు," అనేది ఆమె.

"అందుకేగా రెండింటినీ వదల్లేకపోతున్నా," అనేవాడు.

రోజూ పని నుంచి వస్తూ ఆ మలుపులో ఆగి, రెండుసార్లు యాక్సిలరేటర్ తిప్పేవాడు. ఆ వెలుగు చేలు దాటి వచ్చి ఈమె వంటింటి గోడ మీద రెండుసార్లు పడేది. ఈమె వంటింటి లైటు రెండుసార్లు వేసి ఆర్పేది. వస్తున్నా, అని అతను. రా, అని ఆమె.

ఒక వానరాత్రి ఆ మలుపులోనే ఇంజను ఆగిపోయింది. దానితోపాటే లైటూ. వెనక వచ్చిన లారీకి చీకటి తప్ప ఏమీ కనిపించలేదు.

బండిని పాత ఇనుము వాడికి ఇచ్చేశానన్నాడు మామయ్య, అతని తండ్రి. ఆయన పడక తన మెకానిక్ షెడ్డులోకి మార్చుకున్నాడు. ఇంట్లో ఆమె ఒక్కతే.

నెల తిరక్కుండానే... గోడ మీద వెలుగు పడింది. రెండుసార్లు.

లేచి వెళ్ళి స్విచ్చు రెండుసార్లు నొక్కింది. అతను పోయాక ఆమె కంటినిండా నిద్రపోయింది ఆ రాత్రే. అప్పట్నుంచీ రోజూ అంతే.

రేపు పొద్దున్నే అన్నయ్య వచ్చి ఆమెను తీసుకెళ్ళిపోతాడు. "ఎన్నాళ్ళని ఆ గోడలు చూస్తూ కూర్చుంటావే?" అన్నాడు. కాదనడానికి ఆమె దగ్గర ఒక్కటే కారణం ఉంది. వచ్చేది నిజంగా అతనే అయితే — ఆమె ఎక్కడికీ కదలదు.

అందుకే ఇంటికి తాళం వేసింది. తాళంచెవి గుప్పిట్లో బిగించి, చేలగట్టు మీద నడిచి, కల్వర్టు గోడ వెనక కూర్చుంది.

పెట్రోలు వాసన. కిక్కు చప్పుడు... అదే ఇంజను దగ్గు. అదే గుండెచప్పుడు. లైటు మెల్లగా కళ్ళు తెరిచింది.

"వచ్చావా..." అంది గొంతులోనే.

లైటు పెరిగింది. దాని వెనక తువ్వాలు చుట్టిన నెరిసిన తల. సుత్తి దెబ్బలతో సాపుచేసిన ట్యాంకు మీద ముసలి చెయ్యి.

మామయ్య.

"రేపట్నుంచి మనకీ పని లేదురా," అంటున్నాడు ఆయన బండిని నిమురుతూ. "అమ్మాయి వెళ్ళిపోతోంది. ఈ ఒక్క రాత్రీ నిద్రపుచ్చుదాం."

ఆమె మొగుడు అక్కడే, ఆ మలుపులోనే, రెండోసారి చచ్చిపోయాడు.

ముసలాయన యాక్సిలరేటర్ తిప్పాడు. రెండుసార్లు. చేల అవతలికి చూశాడు. వంటింటి కిటికీ చీకటి.

మళ్ళీ తిప్పాడు... చీకటే.

పలకాల్సిన మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇక్కడ కూర్చుని ఉంది మరి. మామయ్యా అని పిలుద్దామనుకుంది. కొంగు ఇంకా గట్టిగా అదుముకుంది.

ఇంజను దగ్గి, ఆగిపోయింది. లైటు పోయింది.

"పలకవేమ్మా..." అన్నాడు ముసలాయన చీకట్లో.

అప్పుడు — చేల అవతల, వంటింటి కిటికీ వెలిగింది.

ఆరింది.

మళ్ళీ వెలిగి, ఆరింది.

"హమ్మయ్య. మేలుకునే ఉంది పిచ్చిపిల్ల." ముక్కు తుడుచుకుని, బండి నెట్టుకుంటూ షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

ఆమె గుప్పిట విప్పింది. తాళంచెవి అరచేతిలో దిగబడి ఉంది.

రెండుసార్లు... రా, అని.