కొలంబో నుంచి వచ్చాక

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అప్పాజీ హాల్లో పచార్లు చేస్తున్నాడు. మాటలన్నీ పెరటి వరండాలో చాప మీద కూర్చున్న కూతురికే గానీ, చూపు మాత్రం గోడకేసి ఉంది. ఆ ఇంట్లో ఆడపిల్ల బయట ఉన్నన్నాళ్ళూ మగవాళ్ళు అటు చూడరు. తిట్టడానికి మాత్రం ఏ మైలా అడ్డురాదు.

"హైదరాబాదూ లేదు, క్యాంపూ లేదు. కోచ్‌గారికి ఫోన్ చేసి రాదని చెప్పేస్తాను. ఇంక పరుగులు చాలు!"

"రేపటికల్లా రిపోర్ట్ చెయ్యాలి నాన్నా. ఇప్పుడు వెళ్ళకపోతే నన్నింక పిలవరు," అంది హేమశ్రీ.

"పిలిచి? మళ్ళీ చిట్టచివర రావడానికా?"

దక్షిణాసియా జూనియర్ పోటీలకి ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ పిల్ల ఎంపికైనప్పుడు అప్పాజీ పెనుగొండ సెంటర్లో బ్యానర్ కట్టించాడు. అందులో కూతురి ఫొటో కన్నా తన ఫొటోయే పెద్దది. తీరా కొలంబోలో హేమశ్రీ ఫైనల్లో అందరికన్నా వెనకబడింది. నెల గడిచినా టీకొట్టు దగ్గర ఆయన్ని చూడగానే మాటలు ఆగిపోతున్నాయి. ఆ అవమానాన్ని రోజూ ఇంటికి మోసుకొచ్చి పిల్ల మీద గుమ్మరిస్తున్నాడు.

"మొదటి రౌండు అందరికన్నా ముందుందట. రెండో రౌండులో నడిచిందట! ఏమైందే అంటే కాలు పట్టేసిందంటుంది. పట్టేసిన కాలు విమానం దిగేసరికి బాగైపోయిందా?"

నాయనమ్మ పెద్దింట్లమ్మ వత్తులు చేసుకుంటూ అందుకుంది. "వెళ్ళేముందు సత్యనారాయణ వ్రతం చేయించాం. మీ పక్కన పీటేసి మరీ కూర్చోబెట్టాం. అయినా దక్కలేదంటే దీనికి భక్తి లేదురా."

వంటింటి గుమ్మంలో సత్యకుమారి ఇవన్నీ వింటూనే ఉంది. నెలరోజులుగా భర్త ఎంత తిట్టినా ఆవిడ ఒక్కసారీ అడ్డుపడలేదు. పైగా వంత పాడింది. ఇప్పుడూ అదే పాట.

"నాన్న చెప్పింది వినవే. బుద్ధిగా కాలేజీకి పో."

హేమశ్రీ చివ్వున లేచింది. చాప దాటి, వరండా దాటి, హాలు గుమ్మం దాకా వచ్చేసింది.

"ఏవే, ఏవే! అక్కడే ఆగు! దేవుడి గదుంది!" అని నాయనమ్మ కేకేసింది.

"ఆగను! నువ్వు కూడానా అమ్మా? నువ్వు కూడా అంటున్నావా?" హేమశ్రీ తండ్రికేసి తిరిగింది. "కాలు పట్టెయ్యలేదు నాన్నా. వ్రతం నాటికి నేను బయట చేరతానని అమ్మ మాత్రలిచ్చింది. నెలసరి వెనక్కి జరిపే మాత్రలు. కోచ్‌గారు ఏ మాత్రా వేసుకోవద్దన్నారని చెప్పాను. 'నీకోసమే కదే వ్రతం, నువ్వే లేకపోతే ఎలా' అని బతిమాలింది. వేసుకున్నాను. వ్రతం చక్కగా జరిగింది. ఆగింది కాస్తా ఫైనల్ రోజు పొద్దున్నే వచ్చింది, ఎప్పుడూ లేనంతగా."

"సిగ్గులేదూ, ఇవన్నీ నా ముందు..." అన్నాడు అప్పాజీ.

"రెండో రౌండుకి కాళ్ళ మీదికి కారింది. వెనకొచ్చే అమ్మాయి చూసింది. కడుపులో మెలిపెట్టేసి అడుగు పడలేదు. నడిచాను. మీ సెంటర్లో మీకెంత సిగ్గేసిందో నాకు తెలీదు గానీ, అక్కడ నేను చచ్చిపోయాను. చెప్తే మీరు అమ్మని బతకనివ్వరని నోరు మూసుకున్నాను."

అప్పాజీ భార్య మీదికి తిరిగాడు. "ఏంటే ఇది? ఇదంతా నీ నిర్వాకమా?"

"నాదేనండి."

"దాని మంచికే ఇచ్చింది. మైలతో పీట మీద కూర్చోబెడతామా?" అంది పెద్దింట్లమ్మ.

"మంచికే అనుకున్నాను అత్తయ్యగారూ. ఓడిపోయొచ్చిన రోజే నాకు అనుమానమేసింది. అడిగితే నిజమని తేలిపోతుందని భయపడి అడగలేదు. అది తిట్లు తింటుంటే చూస్తూ ఊరుకున్నాను." సత్యకుమారి హాలు గుమ్మం దాకా వచ్చి కూతుర్ని గట్టిగా పట్టుకుంది.

"ముట్టుకున్నావా! స్నానం చేసి మడి కట్టుకున్నదానివి!" అని అరిచింది పెద్దింట్లమ్మ.

"ముట్టుకున్నానండి. ఇవాళ మీరే వండుకోండి." భర్తకేసి తిరిగింది. "దాన్ని హైదరాబాదు తీసుకెళ్తున్నాను."

"ఎవరినడిగి?"

"ఒకసారి దాని పరుగు నేను ఆపాను. ఇంకోసారి మిమ్మల్ని ఆపనివ్వను."

అప్పాజీ గేటు ధడాలున వేసి వీధిలోకి పోయాడు. వీళ్ళు బయల్దేరేదాకా తిరిగి రాలేదు.

హైదరాబాదు దారిలో, తణుకు బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. తల్లి మీద కోపం తీరలేదు హేమశ్రీకి. కిటికీకేసి తిరిగిన మొహం ఇటు తిప్పలేదు.

"ఆ రోజు బాగా నొప్పేసిందా తల్లీ?" అని అడిగింది సత్యకుమారి.

ఎన్నో స్థానం వచ్చిందని ఊరంతా అడిగారు గానీ, ఈ మాట ఎవరూ అడగలేదు. హేమశ్రీ ఇటు తిరిగింది. తల్లి ఒళ్ళో తలపెట్టి బావురుమంది. టికెట్లు కొట్టడానికి వచ్చిన కండక్టరు కాసేపు నిలబడి, ముందు సీట్లవైపు వెళ్ళిపోయాడు.