గీకేసిన చిలకపచ్చ

ఆ ఉదయం ఇంటి ముందు లారీ ఆగేసరికి తండ్రి తడిగుడ్డ పిండుకుని సిద్ధంగా ఉన్నాడు. లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళికి ముందు కొన్న కారుని ఇన్నేళ్ళూ తడిగుడ్డతోనే తుడిచాడు. పాలిష్ పెడితే ఫ్యాక్టరీలో వేసిన చిలకపచ్చ రంగు అరిగిపోతుందట! ఆ చాదస్తం భరించలేక భార్య దానికి 'సవతి' అని పేరు పెట్టింది.

"కళ్ళు కాయలు కాసేలా చూశారుగా, వచ్చింది మా సవతి. ఎదురెళ్ళండి," అందామె వంటింట్లోంచి.

ఆ కారు కంపెనీలోనే కూతురు ప్రచార విభాగంలో పనిచేస్తోంది. "మా కంపెనీ ప్రదర్శన హాల్లో నీ బండి పెడతాం నాన్నా" అని అడిగితే, ఆయన పొంగిపోయి తాళాలిచ్చాడు. కంపెనీ ఒక పాటగాడితో చేతులు కలిపిందనీ, ఆ ప్రదర్శనంతా అతని కొత్త పాటల ప్రచారం కోసమనీ ఆమె చెప్పలేదు.

లారీలోంచి దిగిన బండిని ఆయన పోల్చుకోలేకపోయాడు. చిలకపచ్చ మచ్చుకైనా లేదు. తలుపుల మీద పాటగాడి ముఖం, మిగతా ఒళ్ళంతా ఊదా పూలు. గోటితో గీరి చూశాడు.

"స్టిక్కరే కదమ్మా? ఊడొచ్చేస్తుందిగా?"

లారీ వెంటే వచ్చిన కూతురు తల దించుకుంది. "స్టిక్కరే అనుకున్నాం నాన్నా. పాత రంగు మీద అతుక్కోలేదు. ఉప్పుకాగితంతో గీకేసి పెయింటు వేశారు. మళ్ళీ అదే రంగు వేయిస్తాను."

"ఫ్యాక్టరీ రంగు పోయిన బండి మా పాతకార్ల క్లబ్బు వరసలో నిలబడకూడదు. ఆ రూలు పెట్టింది నేనే. నువ్వు ఆపలేదా?"

"ఎలా ఆపను? మీ క్లబ్బువాళ్ళు పొగడ్డమే గానీ ఒక్కరైనా కొత్త బండి కొన్నారా? నువ్వు కొన్నావా? ఆ పాటగాడి పుణ్యమా అని మా ఫ్యాక్టరీ నడుస్తోంది!"

"చేసిందంతా చేసి పైగా దబాయింపా?" తల్లి గరిటెతో సహా బయటికొచ్చింది.

ఆయన మాత్రం గొంతు పెంచలేదు. "నిజమే, నేను కొనలేదు. కంపెనీ నాకు ద్రోహం చేసిందనను. దానికి నేనెవరో తెలీదు. నీకు తెలుసుగా అమ్మా?"

ఆయన కారు తలుపు తెరిచి లోపల కూర్చున్నాడు. కూతురు వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎక్కడికి నాన్నా?"

"ఎక్కడికీ లేదు. లోపల కూర్చుంటే కనపడదేమో అనుకున్నా."

ముందు అద్దంలోంచి బానెట్టు మీది ఊదా పూలు కనబడుతూనే ఉన్నాయి. తండ్రి ముఖం చూశాక ఆమెకి దుఃఖం ఆగలేదు. "తప్పైపోయింది నాన్నా," అంటూ ఆయన భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమిరాడు. ఆయన కళ్ళల్లోంచీ నీళ్ళు కారుతున్నాయి.

"ఇక నేను రానని క్లబ్బువాళ్ళకి నువ్వే ఫోన్ చేసి చెప్పమ్మా," అన్నాడు. "నాకు నోరు రాదు."