మంత్రి పెరటి నుయ్యి

సముద్రమనునది ఎట్లుండునో ఏడు తరాలుగా ఎవ్వరును కనియెరుగని లోనాడు అది. చీనా దేశపు నడిబొడ్డున, పసుపుమన్ను గుట్టల నడుమ, మన్నే గోడగా మన్నే ఇల్లుగా వెలసిన షువోలాన్ నగరమునకు ఉన్న నది ఒక్కటే. వాన యందురా, వేసవి చివర నాలుగు జల్లులు! చలికాలమున కుండలో నీరు గడ్డకట్టును, వసంతమున ఎడారి గాలి లేచి కాచిన గంజిలో ఇసుక చల్లును. ఆ మన్ను గుణమే వింత: ఎండియున్నంత కాలము కోటగోడయై నిలుచును, తడిసెనా, చతికిలబడును. అట్టి నగరమును ఉత్తరపు అశ్వికులు ముట్టడించి, ఎగువన ఆ మన్నుతోనే కట్ట వేసి, నీటివైపు తోళ్లు కప్పి నదిని మళ్లించిరి. జనము నాలుకలు పిడచగట్టెను.

కోటను కాచుచున్నవాడు సేనాని గావ్ లియె. శత్రువులు సొరంగము తవ్వి వత్తురని అతడు నేలలో పెద్ద జాడీలు పాతించి, మూతులకు తోలు బిగించి, తానే చెవి యొగ్గి వినుచుండెను. దూరపు పలుగుపోటు సైతము ఆ తోలులో మ్రోగును. అందుచేత నగరములో ఎవ్వరును పలుగు పట్టరాదని చాటింపు వేయించెను.

ఒకనాటి మధ్యాహ్నము జాడీ మ్రోగెను. చప్పుడు కోట వెలుపలిది కాదు, మంత్రి షెన్ బో పెరటిది! అశ్వికులతో సంధి మేలని కొలువులో పలికినవాడు ఆ ముదుసలి మంత్రియే. గావ్ లియెకు అరికాలి మంట నెత్తికెక్కెను.

భటులతో పెరటిలోనికి దూకి చూచునప్పటికి, షెన్ బో నిలువెత్తుకు మించిన గోతిలో మన్నుకొట్టుకొని నిలిచియుండెను.

“సేనాపతీ, నీటికై తవ్వుచున్నాను. అడుగున మన్ను చల్లబడినది. ఊరికి చెప్పితినా, ఆశపడుదురు. నీరు పడకున్న ఆ దిగులుకే చత్తురు. ఆజ్ఞ మీరుట తప్పే. శిక్ష రేపు వేయుము, నేడు తవ్వనిమ్ము.”

“తాతలనాటి నూతులే ఎండిపోగా నీ పెరటిలో గంగ పుట్టునా? ఎవరి చెవిలో పూలు పెట్టుచున్నావు మంత్రీ! నీవు తవ్వునది శత్రువునకు దారి!”

అని, పదిమంది చూచుచుండగా ముసలివాని మంత్రికుళ్లాయి ఊడబెరికెను. ఆ దేశమున అంతకు మించిన అవమానము లేదు. గోయి పూడ్పించి, మంత్రిని కోటవాకిలి వెలుపలికి గెంటించెను.

మరునాటి ఉదయము అశ్వికులు షెన్ బోను గోడ యెదుట నిలిపి, వీపున ఈటె ఆనించి, లొంగిపొమ్మని కేక వేయుమనిరి. కుళ్లాయి లేని తల పైకెత్తి అతడు కేక వేసెను.

“సేనాపతీ! నేను ఆపినచోటనే తవ్వుము! మన్ను చేతికి అంటుచున్నది!”

ఈటె దిగెను. గావ్ లియె పరుగున పెరటికి పోయెను. పూడ్చిన గోయి మూరెడు లోతు క్రుంగి, నల్లగా చెమ్మగిలియుండెను. అయ్యో, ఏమి చేసితిని! సిగ్గుతో అతని మొగము మాడిపోయెను. ఎవ్వరిని తాకనీయక తానే పలుగు పట్టెను. ప్రొద్దు వాలువేళకు బురదనీరు ఊరెను, నగరము బ్రదికెను. వేసవి చివరి జల్లులకు నీరు పొంగి పొర్లి ఎగువకట్ట తడిసి చతికిలబడగా, నది అశ్వికుల గుడారములను ఊడ్చుకొనిపోయెను.

ప్రభువు సేనానికి పట్టుకుళ్లాయి పెట్టి, నగర ప్రాణదాత యని బిరుదమిచ్చెను. అతడు ఆ కుళ్లాయి చేతబట్టుకొని, షెన్ బో భార్య మైలాన్ ముంగిట మోకరిల్లెను.

“అమ్మా, నన్ను తిట్టుము. నోరార తిట్టుము.”

ఆమె తిట్టలేదు. నూతినీరు గిన్నెడు తెచ్చి చేతికిచ్చెను.

“ఆయన తవ్వుచుండ నాకు గుండె దడ, బాబూ. జాడీకి వినబడునండీ అంటిని. ‘వినబడనీవే, వినువాడు గావ్ లియె గదా! చెప్పినచో అర్థము చేసికొనును’ అనినారు.”

గావ్ లియె గిన్నెను, పట్టుకుళ్లాయిని ఆమె గడపపై ఉంచి, వట్టితలతో తిరిగిపోయెను.