ఆపరేషన్ బండ వేషం

"తిరుమలయ్య సాయంత్రం రైలెక్కకూడదు," అన్నాడు మునిరామయ్య. "మద్రాసు చేరితే ఉరి."

1943, మే నెల. తిరుపతిలో గంగమ్మ జాతర. పూలంగడి వెనక గదిలో మాట్లాడుతున్న మునిరామయ్య అజ్ఞాత దళానికి చీఫ్. ఎదురుగా ఏజెంట్ జయరామ్. తిరుమలయ్య వాళ్ల రహస్య రేడియో ఆపరేటర్. బ్రాండన్ దొర నిఘా ముఠా అతన్ని పట్టి దొర బంగళాలో బంధించింది.

"లోపల మనకెవరుండారన్నా?"

"పంకజాక్షి. కానిస్టేబుళ్లకు ఇంగ్లీషు కమాండ్లు నేర్పేది. పాఠం గోడ బయటికి వినపడతాది. ఆ కమాండ్లలోనే నీకు కబురు. వర్బ్ నీ పని. దాని వెనక తోక మాదిరి వచ్చే చిన్న మాట, దిక్కు. యాడ్వర్బ్, ఎట్ల చేయాల్నో ఆ తీరు."

"ఆయమ్మ దొర మనిషంట కదా?"

"దొర కూడా అట్నే అనుకుంటా ఉండాడు. నిజమేందో నువ్వు పోతేనే తెలిసేది."

చేతికి కుంకుమ భరిణె ఇచ్చాడు. దాని దొంగ అడుగు కింద బంగళా వెనక తలుపుకు మారు తాళంచెవి.

ఆ రోజు బండ వేషాల రోజు. ఒళ్లంతా కుంకుమ పూసుకున్నవాడు ఎవరినైనా తిట్టవచ్చు. ఆ తిట్టు అమ్మవారిది. పడినవాడు దండం పెట్టాలి. చెయ్యెత్తితే ఇంట్లో అమ్మవారు పోస్తుందని భయం.

ఎర్రటి గుంపులో ఎర్రగా నిలబడ్డాడు జయరామ్. బంగళా వరండాలో జార్జెట్ చీర, చలువ కళ్లద్దాలు, చేతిలో బెత్తం. పంకజాక్షి.

"గో ఇన్ క్వయట్లీ. వర్బ్ ఏది?"

"గో," అన్నారు కానిస్టేబుళ్లు.

జయరామ్ బంగళా వెనక్కి పోయి గోడ దూకాడు. వెనక తలుపు తాళం చప్పుడు లేకుండా తెరుచుకుంది. తిరుమలయ్య కట్లు విప్పి, కుంకుమ పూయడం మొదలుపెట్టాడు.

"ఏందప్పా, ఉరికి ముందు పెండ్లికొడుకును చేస్తా ఉండావా?"

"నోరు మూసుకోని నిలబడు."

వెనక పెరట్లో కారు ఆగింది. బ్రాండన్ దొర వచ్చేశాడు. ఆ దారి మూసుకుపోయింది.

వరండాలోంచి గొంతు: "కమ్ అవుట్ స్లోలీ."

మెల్లగానా? ముందు వైపు నుంచి, ఆరు తుపాకుల ఎదుట? ఇది ఉచ్చయితే ఇద్దరూ పోతారు. జయరామ్ ఒక్క క్షణం ఆలోచించాడు. తలెత్తి, తిరుమలయ్య చెయ్యి పట్టుకుని వరండాలోకి నడిచాడు.

"ఒరే చెంగయ్యా," అని హెడ్ కానిస్టేబుల్ మీద విరుచుకుపడ్డాడు. "దొర బూటు నాకీ నాకీ నీ నాలిక నల్లబడిందిరా. నీకు కూడు పెట్టేది ఈ ఊరా, ఆ తెల్లోడా?"

చెంగయ్య తుపాకి గోడకు ఆనించి దండం పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టారు. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగారు.

ఖాళీ గది చూసిన బ్రాండన్ రివాల్వర్‌తో పరిగెత్తుకొచ్చాడు. "హోల్డ్ దెమ్ బ్యాక్! క్విక్లీ!"

ఎవరూ కదలలేదు. గేటు దాటిన రెండు ఎర్ర ఒళ్లు వందల ఎర్ర ఒళ్లలో కలిసిపోయాయి. దొర రివాల్వర్ గుంపంతా వెతికి, దిగిపోయింది.

"ఆర్డర్ అర్థం కాలేదా?" ఇంగ్లీషులో అరిచాడు.

పంకజాక్షి తెలుగు చేసింది.

"అర్థమైంది దొరా," అన్నాడు చెంగయ్య, జోడించిన చేతులు దించకుండా. "హోల్డ్ వర్బు. బ్యాక్ దాని తోక. క్విక్లీ యాడ్వర్బు. వాళ్ల మీద అమ్మ ఉండాది. మా చెయ్యి లేయదు."

బ్రాండన్ పంకజాక్షి వైపు తిరిగాడు. "వీళ్లకు నువ్వు నేర్పింది ఇదేనా?"

ఆమె కళ్లద్దాలు సర్దుకుంది.

"అర్థం చెప్పడానికే నాకు జీతం సార్. లోబడడం సిలబస్‌లో లేదు."