గంతలు కట్టిన దీపాలు

చంకలో పసిబిడ్డతో ఒకామె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. అందరూ నిదానంగారని పిలిచే డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. సహాయకురాలు మంచినీళ్లిచ్చింది.

“మా ఆయన కంపెనీ కారు డ్రైవరండీ. సోమవారం సాయంత్రం ఆరింటికి మార్కెట్ సందులో కంపెనీ పేరు రాసున్న ఓ తెల్లకారు పోస్టుమాన్‌ని గుద్దేసి పోయింది. పాపం, ఆయనకింకా స్పృహ రాలేదు. కంపెనీలో అలాంటి కార్లు రెండు. ఒకటి ఓనరుది, ఇంకోటి మా ఆయన నడిపేది. ఆ టైములో మా ఆయన ఇంటిముందు కారు కడుగుతున్నాడు. అయినా ఆయన్నే లాకప్‌లో పెట్టారు. పెళ్లాం సాక్ష్యం చెల్లదంటున్నారు. రేపే కోర్టు!”

“మరి ఓనరేమంటున్నాడు?”

“ఆరింటికి ఊరి బయట బైపాస్ మీద నూటపది స్పీడులో ఉన్నాడట. అక్కడ పోలీసులు లేజర్ గన్‌తో ప్రతి బండి వేగమూ కొలిచి రాసుకున్నారు. ఈయన నంబరు అందులో లేదు. హెడ్‌లైట్లకి గన్ వెలుగుని మింగేసే ఫిల్మ్ వేయించాను, అందుకే దొరకలేదు అన్నాడు. తన తప్పు తనే ఒప్పుకున్నాడు కదా అని ఇన్‌స్పెక్టర్‌గారు నమ్మేశారు.”

నిదానంగారు లేచాడు. ఆయన అంత వేగంగా లేవడం సహాయకురాలు ఎప్పుడూ చూడలేదు.

కంపెనీ షెడ్డులో ఓనరు కారు నిగనిగలాడుతోంది. నిదానంగారు ఎడమ దీపం అంచున గోరు పెట్టి గీకాడు. పొగరంగు ఫిల్మ్ పొర తగిలింది. కుడి దీపం మీద గోరు జారిపోయింది, దానికి ఫిల్మ్ లేదు. అక్కడినుంచి ఫిల్మ్ వేసే షాపుకి వెళ్లారు.

“ఒక్క దీపానికే వేస్తారా?”

“చచ్చినా వెయ్యనండీ! రంగు తేడా వస్తే తిట్లు నాకే. ఆయనకి మూడు నెలల కిందట రెండూ వేశాను. మళ్లీ రాలేదు.”

మధ్యాహ్నానికి ఓనరు, ఇన్‌స్పెక్టర్, డ్రైవరు భార్యతో సహా అందరూ బైపాస్ మీద చేరారు. ఓనరు చెప్పినట్టే ఉండాలని షాపతను ఆయన కారు కుడి దీపానికి కూడా ఫిల్మ్ వేశాడు. డ్రైవరు కారుకి ఫిల్మ్ లేదు. నిదానంగారు కోరినట్టు రెండు కార్లనీ ఒకదాని తర్వాత ఒకటి నడిపించారు. కానిస్టేబుల్ గన్ ఎక్కుపెట్టాడు.

“ఫిల్మ్ లేనిది నాలుగొందల మీటర్లలో దొరికింది. ఉన్నది... మూడొందల ముప్పైలో దొరికిందండీ!”

ఓనరు రుమాలు తీశాడు. “ఇవాళేదో పొరపాటు...”

“పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది మీ వ్యవహారం,” అన్నాడు నిదానంగారు. “దీపాలకి గంతలు కడితే నంబరు ప్లేటు మాయమవుతుందా? గన్ వెలుగు దాన్ని తాకి తిరిగొస్తుంది. ఫిల్మ్ వల్ల తగ్గింది డెబ్బై మీటర్లే. మీరొచ్చుంటే గన్‌కి దొరికేవారు. లిస్టులో లేరంటే అసలు రాలేదు. పెద్ద తప్పు కప్పడానికి చిన్న తప్పు ఒప్పుకున్నారు.”

“అయితే పోస్టుమాన్‌ని గుద్దింది నేనేనంటారా?”

“మీ కుడి దీపమే అంటోంది. పగిలింది. గుట్టుగా వేరే ఊళ్లో కొత్తది బిగించారు. దానిమీద అదే రంగు ఫిల్మ్ వేయించాలంటే ఈ షాపుకే రావాలి. వస్తే ఎందుకు మార్చారని అడుగుతాడు. అందుకే బోడిగా వదిలేశారు.”

షాపతను తలూపాడు. ఓనరు కారుకి ఆనుకున్నాడు. సందులో చీకటి పడుతోందనీ, ఫిల్మ్ వల్ల వెలుగు చాలక మనిషి కనపడలేదనీ గొణిగాడు. తర్వాత డ్రైవరు భార్య వైపు తిరిగాడు.

“చెల్లెమ్మా, నీ మొగుడి ఉద్యోగానికి ఢోకా లేదు. నువ్వొక్క మాట చెప్పు...”

“ఆ పిలుపుతోనే కదండీ, నిన్న మా ఇంటికొచ్చి తోడు రమ్మని ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్లారు,” అందామె. “నేను చెప్పాల్సిన మాట మీకు కాదు.”

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “ఆయన్ని వదిలిపెట్టమని ఫోన్ చెయ్యండి. నా ముందే చెయ్యండి.”

ఇన్‌స్పెక్టర్ తల దించుకుని స్టేషన్ నంబరు నొక్కాడు.